గ్రనడా కోటలో రెండు రాత్రులు: లోర్కా యవ్వనం, లోతు పాట

జానపద గీతం మీద చదువుకున్న యువకుడికి మోజు పుట్టడం కొత్త సంగతి కాదు. ప్రతి తరంలోనూ పుడుతుంది. వేసవి సెలవుల్లో ఊరికి వెళతాడు. పొలం పనుల్లో ఉన్న ఆడవాళ్ళ దగ్గరో, తత్వాలు పాడే ముసలాయన దగ్గరో ఒక పాట వింటాడు. నోటుపుస్తకంలో రాసుకుంటాడు. పట్నం తిరిగివచ్చి మిత్రులకు పాడి వినిపిస్తాడు. ఆ మోజులోంచి ఒక్కోసారి కవిత్వం పుడుతుంది, ఒక్కోసారి పరిశోధన వ్యాసం పుడుతుంది, ఒక్కోసారి ఏకంగా ఉత్సవమే పుడుతుంది. ఆ మోజుకు వర్గ స్వభావం ఉంటుందా, ఉంటే అది ఎక్కడ బయటపడుతుంది, దాన్ని దాటి ముందుకు పోవడం రచయితకు సాధ్యమా అన్న ప్రశ్నలు మనకు కొత్తవి కావు. కాని వాటిని సూత్రాలుగా చర్చించడం ఎక్కువ, ఒక మనిషి జీవితంలో పెట్టి పరిశీలించడం తక్కువ.

స్పెయిన్ కవి ఫెదెరికో గార్సియా లోర్కా యవ్వనం అలాంటి పరిశీలనకు బాగా లొంగుతుంది. మన అభ్యుదయ సాహిత్యలోకంలో లోర్కా అనగానే 1936 ఆగస్టు గుర్తుకొస్తుంది, ఫాసిస్టు తుపాకులు గుర్తుకొస్తాయి. రావలసిందే. అయితే ఆ మరణం నుంచి వెనక్కి చూసుకుంటూ పోతే అతని జీవితమంతా ఒకే రంగులో కనిపిస్తుంది. పుట్టుకతోనే ప్రజాకవి అనీ, జిప్సీల మధ్య జిప్సీలా పెరిగాడనీ అనుకోవడం అలా ఏర్పడిన భ్రమే. జిప్సీ కవి అన్న ముద్ర మీద అతను బతికుండగానే విసుక్కున్నాడు.

లోర్కా 1898 జూన్ 5న గ్రనడా నగరానికి సమీపంలోని ఫ్వెంతె వాకెరోస్ అనే ఊళ్ళో పుట్టాడు. ఆ ప్రాంతాన్ని వేగా అంటారు, పుష్కలంగా నీరుపారే మైదానం. సరిగ్గా ఆ ఏడే స్పెయిన్ తన వలస రాజ్యమైన క్యూబాను పోగొట్టుకుంది. క్యూబా చెరకు పంచదార రాక తగ్గేసరికి బీట్ దుంప పండించే ఈ వేగా భూముల విలువ పెరిగింది. లోర్కా తండ్రి ఆ దుంప పంట మీద ధనవంతుడైన భూస్వామి. తల్లి వీసెంతా పెళ్ళికి ముందు బడిపంతులమ్మ. ఇంట్లో పియానో ఉంది, పుస్తకాలున్నాయి, పనిమనుషులున్నారు.

పనిమనుషుల మాట ఊరికే అనలేదు. 1928లో జోలపాటల మీద చేసిన ఒక ఉపన్యాసంలో లోర్కాయే ఈ సంగతి చెప్పాడు. కలవారి పిల్లలకు దేశపు పాత పాటలు, కథాగేయాలు చేరేది పాలిచ్చి పెంచే దాదుల నోటినుంచీ, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ నోటినుంచీనని అతని అభిప్రాయం. ఆ పేద స్త్రీలు సంపన్న గృహాల్లోకి పాటను మోసుకొస్తున్నారని ఎంతో గౌరవంగా చెప్పుకొచ్చాడు. ఆ గౌరవం నిజమైనదే. దానితోపాటు మనం గుర్తించవలసింది ఇంకొకటి ఉంది. ప్రజల పాట లోర్కా చెవిన మొదట పడింది జీతానికి వచ్చిన మనిషి గొంతులో. వినేవాడు యజమాని బిడ్డ, పాడేది పనిమనిషి. తరువాతి కథంతా ఈ సంబంధం ఎలా మారుతూ వచ్చిందన్నదే.

కవి కావడానికి ముందు అతను సంగీతకారుడు కావాలనుకున్నాడు. అంతోనియో సెగూరా మేసా అనే వృద్ధ సంగీతకారుడి దగ్గర పియానో నేర్చుకున్నాడు. 1916లో ఆయన చనిపోయాడు. సంగీతం కోసం పరదేశం పంపడానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు. సరిగ్గా అప్పుడే విశ్వవిద్యాలయంలో దొమీంగెస్ బెర్రువేతా అనే ఆచార్యుడు విద్యార్థులను వెంటబెట్టుకుని పాత నగరాలకు, మఠాలకు కళాయాత్రలు చేస్తుండేవాడు. 1916 జూన్‌లో అలాగే బయేసా వెళ్ళి అక్కడి బడిలో ఫ్రెంచి పాఠాలు చెప్పుకుంటున్న మహాకవి అంతోనియో మచాదోను చూశాడు. 1917 వేసవిలో బూర్గోస్ నగరం చేరి చాలా రోజులున్నాడు. ఈ యాత్రల ఫలితంగా 1918లో తండ్రి డబ్బుతో మొదటి పుస్తకం అచ్చయింది. వచనం. ఊళ్ళు, మఠాలు, శిథిలాలు, తోటలు, సంధ్యలు. పుస్తకాన్ని తిప్పి చూపించిన ఆచార్యుడికి కాక, చనిపోయిన పియానో గురువుకు అంకితమిచ్చాడు. ఆచార్యుడు నొచ్చుకున్నాడు. పాఠాలు చెప్పుకునే నాబోటివాళ్ళకు ఆ నొప్పి అర్థమవుతుంది, అయినా శిష్యుడిదే సరైన లెక్క అనిపిస్తుంది.

ఆ పుస్తకంలో మనుషులు చాలావరకు దృశ్యంలో భాగంగానే కనిపిస్తారు. ఒక్క గలీసియా అనాథ శరణాలయాన్ని వర్ణించిన పుటల్లో మాత్రం కోపం ఉంది. ఆ కోపం ఎటు పోవాలో కుర్రవాడికి ఇంకా తెలియదు.

ఆ తరువాతి సంవత్సరాలు త్వరగా చెప్పుకోవచ్చు. 1919లో మాడ్రిడ్ విద్యార్థి వసతిగృహం చేరాడు. 1920 మార్చిలో మొదటి నాటకం ప్రేక్షకుల ఈలల మధ్య కూలిపోయింది. 1920లోనే జానపద కథాగేయాల మహా పరిశోధకుడు మెనెందెస్ పిదాల్ గ్రనడా వస్తే, ఆల్బయిసిన్ వాడలోనూ, జిప్సీల గుహ ఇళ్ళున్న సాక్రోమోంతె కొండమీదా తిప్పి గేయాల సేకరణలో తోడ్పడ్డాడు. 1921లో తొలి కవితాసంపుటి వెలువడింది, అదీ తండ్రి డబ్బుతోనే.

*

1921 వేసవి ముఖ్యమైనది. సెలవులకు లోర్కా కుటుంబం అలవాటుగా చేరే అస్కెరోసా అనే పల్లె నుంచి ఆగస్టు మొదట్లో అతను మాడ్రిడ్‌లోని సంగీత విమర్శకుడు, మిత్రుడు అయిన అదోల్ఫో సలసార్‌కు ఒక ఉత్తరం రాశాడు. గిటారు నేర్చుకుంటున్నానని అందులో సంబరం. ఇద్దరు జిప్సీలు ప్రతి సాయంత్రం వచ్చి నేర్పుతున్నారట. వాళ్ళ పేర్లు, వాళ్ళ గొప్పతనం మెచ్చుకుంటూ రాశాడు. తాను ఏయే రకం పాటలకు వాయించగలుగుతున్నాడో జాబితా ఇచ్చాడు. ఫ్లమెంకో స్పానిష్ ప్రజల బ్రహ్మాండమైన సృష్టుల్లో ఒకటన్న భావం ఆ ఉత్తరంలో ఉంది.

ఫ్లమెంకో అన్న మాటను, గురువుల పేర్లను జ్ఞాపకం పెట్టుకోండి. ఆరు నెలలు తిరిగేసరికి ఆ రెండూ మారిపోతాయి.

స్వరకర్త మాన్యువెల్ ది ఫాల్యా 1920లో గ్రనడాలో స్థిరపడ్డాడు. పారిస్‌లో దెబ్యుస్సీ, రావెల్ వంటివారితో మెలిగి వచ్చిన మనిషి, నిష్ఠాపరుడు, ఒంటరి. లోర్కాకూ ఆయనకూ ఇరవై రెండేళ్ళ తేడా ఉన్నా స్నేహం కుదిరింది. అండలూసియా పాత గానపద్ధతి అంతరించిపోతోందన్నది ఫాల్యా బెంగ. దాన్ని కాంతె హోందో అంటారు, మన మాటల్లో చెప్పుకోవాలంటే లోతు పాట. ఈ పాటకు ఒక పోటీ పెడదామని మిగేల్ సెరోన్ అనే గ్రనడా మిత్రుడు అన్నాడు. ఫాల్యా పట్టుకున్నాడు. కళాకారులు, రచయితలు సంతకాలు పెట్టి నగరపాలక సంఘాన్ని డబ్బు అడిగారు. స్థానిక పత్రికల్లో గొడవ రేగింది. తాగుబోతుల పాటలకు ఊరి సొమ్మా అన్నవాళ్ళున్నారు. విదేశీయులు మనల్ని గిటారు, కత్తి, శాలువాలతోనే గుర్తుపడుతుంటే మనమే ఆ బొమ్మను ఊరేగించడమా అన్నవాళ్ళూ ఉన్నారు. రెండో అభ్యంతరం అంత తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు.

1922 ఫిబ్రవరి 19న గ్రనడా కళాకేంద్రంలో ఇరవై మూడేళ్ళ లోర్కా లోతు పాట చారిత్రక ప్రాధాన్యం మీద ఉపన్యసించాడు. మాన్యువెల్ హొఫ్రె గిటారు మీద ఉదాహరణలు వాయించాడు. ఉపన్యాసంలోని శాస్త్ర భాగం చాలావరకు ఫాల్యా సిద్ధం చేసుకున్న విషయమే. అదే విషయాన్ని ఫాల్యా ఒక చిన్న పుస్తకంగా ఆ సంవత్సరమే, తన పేరు లేకుండా, ప్రచురించాడు. ఉపన్యాసంలో లోర్కా సొంతమైంది కవిత్వ భాగం. రెండు మూడు పాదాల్లో అజ్ఞాత ప్రజాకవి ఎంత దుఃఖాన్ని కుదించగలడో చూసి ఆశ్చర్యపోయే తీరు అతనిదే.

ఈ ఉపన్యాసంలో లోతు పాట వేరు, ఫ్లమెంకో వేరు అని గీత గీశాడు. మొదటిది ప్రాచీనం, పవిత్రం, పేరులేని జనానిది. రెండోది దాని మీద తరువాత పెరిగినది, పానశాలల్లో చెడినది. ఆరు నెలల కిందట పల్లెటూరి అరుగు మీద ఏ మాట అతనికి గొప్పగా తోచిందో, సభావేదిక మీద ఆ మాటే నేలబారుదైపోయింది. గిటారు నేర్పిన ఇద్దరి స్థానంలో పేరులేని జాతి ఆత్మ వచ్చి కూర్చుంది. ఒక్క లోర్కాను తప్పుపట్టి లాభం లేదు. వేసవిలో విన్న పాట చలికాలపు ఉపన్యాసమయ్యేటప్పుడు సాధారణంగా జరిగేదే ఇది. పాడిన మనిషి జారిపోయి 'జానపదుడు' అనే ఏకవచనం మిగులుతుంది. మన విశ్వవిద్యాలయాల్లో వచ్చిన జానపద సేకరణల్లో పాట ఎవరి దగ్గర సేకరించారో చెప్పనివి ఎన్ని ఉన్నాయో పరిశోధక విద్యార్థులకు తెలుసు.

*

ఇక పోటీ నిబంధనలు. ఇరవై ఒక్క సంవత్సరాలు దాటిన వృత్తిగాయకులు పోటీకి పనికిరారు. డబ్బు ఒప్పందం మీద బహిరంగంగా పాడినవాడు వృత్తిగాయకుడు. పాడదగిన పాటల వర్గాలూ నిర్ణయించారు. సిగిరియాలు ఒక వర్గం. సొలెయా, సెర్రానా, పోలో, కాన్యా మరొకటి. గిటారు లేకుండా పాడే మార్తినేతె, జైలు పాటలు, పాత సయేతాలు ఇంకొకటి. మార్తినేతె అంటే కొలిమి దగ్గర సుత్తి దెబ్బల లయకు పుట్టినదని చెప్పుకునే పాట.

ఈ నిబంధన వెనక సిద్ధాంతం స్పష్టమే. డబ్బు కళను చెడగొడుతుంది, కాబట్టి డబ్బు ముట్టని గొంతు కావాలి. వినడానికి ప్రగతిశీలంగానే ఉంటుంది. మనలో చాలామందికి ఇప్పటికీ నచ్చే సిద్ధాంతం. కాని చరిత్ర దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే నిలవదు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో సెవియ్యా తదితర నగరాల్లో పాటల పానశాలలు వెలిశాయి. సిల్వేరియో ఫ్రాంకొనెత్తి వంటి మహాగాయకుడు స్వయంగా అలాంటి పానశాల నడిపాడు. అంతవరకు ఇళ్ళలో, కొలుముల దగ్గర, పెళ్ళిళ్ళలో పాడుకునే పాటలకు ఒక రూపం, ఒక క్రమం, పోటాపోటీగా పెరిగిన నైపుణ్యం ఏర్పడింది ఆ పానశాలల్లోనే. ఫాల్యా, లోర్కాలు ప్రాచీనమని కళ్ళకద్దుకున్న పాటల్లో చాలావాటిని ఆ రూపంలో నిలబెట్టింది వృత్తిగాయకులే. భూమి లేని జిప్సీకి, కమ్మరికి, కసాయికి గొంతే ఆస్తి. ఆ ఆస్తిని అమ్ముకోవడం అపవిత్రమని చెప్పే హక్కు దుంపతోటల ఆదాయం మీద కవిత్వం రాసుకునే యువకుడికి ఎక్కడినుంచి వచ్చింది?

ఈ ప్రశ్న కొంచెం కటువుగా ఉంటే ఉండనివ్వండి. యువజనోత్సవాల్లో, బడుల వార్షికోత్సవాల్లో జానపద గేయాల పోటీలకు న్యాయనిర్ణేతలుగా కూర్చునేది మనలాంటివాళ్ళమే. సినిమా బాణీ తగిలితే మార్కులు తగ్గిస్తాం. పెళ్ళి ఊరేగింపుల్లో పాడి ఇల్లు నడుపుకునే ఇంటి పిల్లవాడికి తెలిసిన బాణీ అదే అయి ఉండవచ్చునని మార్కుల కాగితంలో గడి ఉండదు.

1922 జూన్ 7న ఆల్హంబ్రా పాలస్ హోటల్లో ఒక సన్నాహక సభ. లోర్కా లోతు పాట మీద రాసిన తన కవితలు చదివాడు. యువకుడైన ఆంద్రేస్ సెగోవియా గిటారు వాయించాడు. కవితలు చాలావరకు 1921 నవంబరులో రాసినవి. పుస్తకంగా రావడానికి మాత్రం 1931 దాకా ఆగాయి.

జూన్ 13, 14 రాత్రులు ఆల్హంబ్రా కోటలోని ఆల్హిబెస్ చౌకులో పోటీ జరిగింది. చిత్రకారుడు సులొవాగా అలంకరణలో తోడ్పడ్డాడు. స్త్రీలు వందేళ్ళ నాటి వేషధారణలో వచ్చారు. వేలమంది చేరారు. రెండో రాత్రి వాన కురిసింది. న్యాయనిర్ణేతల అధ్యక్షుడు అంతోనియో చాకోన్, ఆనాటి వృత్తిగాయకుల్లో అగ్రగణ్యుడు. ఇక్కడున్న వైరుధ్యం గమనించండి. వృత్తిగాయకుడు పాడి గెలవడానికి పనికిరాడు, పాట మంచిచెడ్డలు తేల్చాలంటే మాత్రం అతను లేకపోతే కుదరదు. మహాగాయని పస్తోరా పవోన్, హెరెస్ జిప్సీ గాయకుడు మాన్యువెల్ తోర్రె అతిథులు.

డెబ్భై ఏళ్ళ దగ్గర్లో ఉన్న ఒక ముసలి గాయకుడు లేచి పాడాడు. పేరు దియేగో బెర్మూదెస్, జనం పిలిచే పేరు ఎల్ తెనాసాస్. ప్వెంతె హెనిల్ ఊరినుంచి వందపైచిలుకు కిలోమీటర్లు కాలినడకన వచ్చాడని కథ. నిజమో, పత్రికలవాళ్ళ అల్లికో గాని ఆ కథ పాటకంటే ఎక్కువ కాలం బతికింది. ఆయనకు వెయ్యి పెసెతాల బహుమతి వచ్చింది. గమ్మత్తేమిటంటే ఆ ముసలాయన నోట వినిపించింది సిల్వేరియో నాటి పానశాలల సంప్రదాయమే. న్యాయనిర్ణేతలు 'ప్రాచీన ప్రజాగానం' అని చప్పట్లు కొట్టింది ఒకప్పటి వృత్తిగానానికి.

రెండో ప్రధాన బహుమతి పన్నెండేళ్ళ పిల్లవాడికి వచ్చింది. పేరు మనొలో ఒర్తేగా, తరువాతి పేరు మనొలో కరకోల్. తరతరాలుగా గాయకులను, ఎద్దుల పోరు యోధులను కన్న జిప్సీ కుటుంబం అతనిది. వయసు తక్కువ కాబట్టి నిబంధన అడ్డురాలేదు. ఈ పిల్లవాడే పెద్దవాడై 1940ల్లో లోలా ఫ్లోరెస్‌తో కలిసి రంగస్థలం మీదా, సినిమాల్లోనూ జనాన్ని ఉర్రూతలూపే తార అయ్యాడు. వ్యాపార రంగస్థలం నుంచి పాటను కాపాడటానికి పెట్టిన పోటీ వ్యాపార రంగస్థలానికి దాని గొప్ప తారను అందించింది. కరకోల్‌ను తక్కువచేయడానికి ఈ మాట అనడం లేదు. అతని గొంతు విన్నవాళ్ళెవరూ ఆ పని చేయరు.

*

ఉత్సవం బయట ఏముందో కూడా చెప్పుకోవాలి. 1918 నుంచి 1920 వరకు అండలూసియా పల్లెలు వ్యవసాయ కూలీల సమ్మెలతో అట్టుడికాయి. రష్యా విప్లవ వార్తలు అక్కడి కూలివాళ్ళను ఎంత కదిలించాయంటే, చరిత్రకారులు ఆ కాలానికి 'బోల్షెవిక్ మూడేళ్ళు' అని పేరుపెట్టారు. సైన్యం దిగి అణచివేసింది. 1921 జులైలో మొరాకోలోని అన్వాల్ దగ్గర వేలమంది స్పానిష్ సైనికులు చనిపోయారు. వాళ్ళలో అత్యధికులు డబ్బు కట్టి సైనికసేవ తగ్గించుకోలేని పేదల పిల్లలు. ఆల్హంబ్రాలో వినిపించిన జైలు పాట, కొలిమి పాట ఎవరివో వాళ్ళు ఆ మూడేళ్ళూ బయట వీధుల్లో ఉన్నారు. ఉపన్యాసంలోగాని, ఫాల్యా పుస్తకంలోగాని ఈ ఊసు లేదు. దుఃఖం ఉంది, దుఃఖకారణం లేదు. పాటలోని బాధ అనాదిది, ప్రాచ్యదేశాలది, రక్తంలోది అయిపోయింది.

ప్రాచ్యదేశాల ప్రస్తావన వచ్చింది కాబట్టి మన దేశం సంగతి. లోతు పాట పుట్టుకకు ఫాల్యా మూడు కారణాలు చెప్పాడు: పాత చర్చి బైజాంటియన్ గానం, అరబ్బుల రాక, జిప్సీల వలస. స్వరాల మధ్య సూక్ష్మ శ్రుతులుగా జారే ఆ గొంతును భారతీయ గానంతో పోల్చాడు. జిప్సీల భాషకు మూలం ఉత్తర భారతమని భాషాశాస్త్రం నిశ్చయంగా చెబుతుంది. అంతమాత్రాన సిగిరియాలో మన రాగాలు వెతకడం ఉత్త ఉబలాటం. స్పెయిన్‌లో వాళ్ళ ఉనికి పదిహేనో శతాబ్దం నుంచి నమోదైంది. 1499లోనే స్థిరపడి పని చూసుకోండి, లేకపోతే దేశం వదలండి అని రాజశాసనం వచ్చింది. 1749లో ఒక్కసారిగా దేశమంతటా జిప్సీలను పట్టి బంధించారు. ఆ పాటలోని ఏడుపుకు ఎక్కడో సింధునది ఒడ్డున కారణం వెతికేకంటే ఈ శాసనాలు చదివితే ఎక్కువ తెలుస్తుంది.

ఈ విషయంలో లోర్కా కవితలు లోర్కా ఉపన్యాసం కంటే ముందున్నాయనే నా అభిప్రాయం. 1928లో అచ్చయిన జిప్సీ కథాగేయాల్లో సివిల్ గార్డులు వచ్చారు. భూస్వాముల రక్షణకు పల్లెల్లో తిరిగే సాయుధ పోలీసులు వాళ్ళు. 1922లో లేని శత్రువు అక్కడ స్పష్టంగా కనిపిస్తాడు. ఎవరో కోర్టులో ఫిర్యాదు చేస్తే, ఆ పద్యం గురించి లోర్కా సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది కూడా.

*

గ్రనడా పోటీ మళ్ళీ జరగలేదు. 1923 సెప్టెంబరులో ప్రీమో ది రివేరా సైనిక నియంతృత్వం వచ్చింది. లోతు పాట మీద ఫాల్యా మరో ఉత్సవం తలపెట్టలేదు. ఉత్సవం ఉద్దేశానికి పూర్తి వ్యతిరేకంగా, 1920ల నడుమ నుంచి 'ఫ్లమెంకో ఒపేరా' పేరుతో ఎద్దుల పోరు మైదానాల్లో పెద్దపెద్ద ప్రదర్శనలు బయల్దేరాయి. అభిరుచి ఉన్నవాళ్ళు దాన్ని పతనమన్నారు. అందులో కొంత నిజముంది. అయితే వందలమంది గాయకులకు, గిటారు వాద్యకారులకు అన్నం పెట్టింది కూడా ఆ ప్రదర్శనలే.

1931 ఏప్రిల్‌లో రాజు దేశం వదిలాడు, రిపబ్లిక్ ఏర్పడింది. లోర్కాను గ్రనడా రోజుల నుంచీ ఎరిగిన సోషలిస్టు ఆచార్యుడు ఫెర్నాందో ది లోస్ రియోస్ విద్యామంత్రి అయ్యాడు. విద్యార్థి సంఘం తలపెట్టిన సంచార నాటక బృందానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. బృందం పేరు లా బర్రాకా. సంతల్లో వేసే డేరా, గుడారం అని ఆ మాటకు అర్థం. లోర్కా, ఎదువార్దో ఉగార్తె దర్శకులు. నటులంతా విద్యార్థులు, జీతాలు లేవు, ఒంటికి కార్మికులు తొడిగే నీలం దుస్తులు. ప్రదర్శనకు టిక్కెట్టు లేదు. 1932 జులైలో బూర్గో ది ఒస్మా అనే చిన్న ఊళ్ళో మొదటి ప్రదర్శన. సెర్వాంతెస్ ప్రహసనాలు, కాల్దెరోన్ మత రూపకం తీసుకెళ్ళారు. రిపబ్లిక్ డబ్బుతో మత రూపకమేమిటని వామపక్షంవాళ్ళు అడిగారు. ఎర్ర విద్యార్థులు వచ్చారని మితవాదులు సోరియాలో ప్రదర్శనను భంగపరచబోయారు.

పదేళ్ళ కిందటి వేసవికీ దీనికీ ఎంత తేడా! 1922లో ప్రజల పాటను కోటలోకి పిలిపించి పట్నంవాళ్ళు తీర్పు చెప్పారు. 1932లో పట్నంవాళ్ళు తమ నాటకాన్ని లారీలో వేసుకుని పల్లె చౌకులో దింపి, తీర్పు పల్లెకు వదిలారు. విద్యార్థి నటులకు జీతం అక్కరలేకపోవడం కూడా వాళ్ళ వర్గానికి ఉన్న వెసులుబాటేనని మరిచిపోకూడదు. అయితే ఇక్కడ జీతం లేకపోవడం పవిత్రత కోసం కాదు, టిక్కెట్టు లేకుండా ఆడటం కోసం.

1933లో లోపె ది వేగా నాటకం 'ఫ్వెంతె ఒవెహూనా' ఆడారు. దుర్మార్గుడైన ప్రభువును ఊరు ఊరంతా కలిసి చంపి, చిత్రహింసల్లో ఒక్క పేరూ బయటపెట్టని కథ. లోర్కా పాత్రలకు తన కాలపు పల్లె దుస్తులు తొడిగించాడు. రాజదంపతులు వచ్చి క్షమించే భాగం తీసేశాడు. దాంతో ఊరికి ఊరే దిక్కు అయింది. ఆ ఏడాది చివరి ఎన్నికల్లో మితవాదులు గెలిచి బృందానికి ఇచ్చే సొమ్ము కోసేశారు.

మన ప్రజా నాట్యమండలి 1943లో మొదలైంది. జంగం కథను బుర్రకథగా మలుచుకునేటప్పుడు అది పవిత్రమైన గొంతు కోసం వెతకలేదు. పేద దూదేకుల ఇంట పుట్టి, పాటా వాయిద్యమూ నమ్ముకుని బతుకు వెతుక్కుంటున్న షేక్ నాజర్ వంటి కళాకారుడికి కథ చేతికిచ్చి వేదిక మధ్య నిలబెట్టింది. ఉద్యమం ఆ కళాకారుల కుటుంబాలను తరువాత ఎంతవరకు చూసుకుందన్నది వేరే చర్చ, జరగవలసిన చర్చ.

లోర్కా 1933 అక్టోబరులో బ్వెనోస్ ఐరిస్‌లో మరో ఉపన్యాసం ఇచ్చాడు. కళలో పూనకంలాంటి ఒక శక్తి గురించి, దాన్ని అండలూసియావాళ్ళు దువెందె అంటారు. 1922 నాటి ప్రాచీనత, పవిత్రత అన్న మాటల బరువు ఇందులో తగ్గింది. సిద్ధాంతానికి ప్రమాణంగా మొదట మాన్యువెల్ తోర్రె అన్న మాటను ఎత్తుకున్నాడు, పేరుతో సహా. తరువాత పస్తోరా పవోన్ కథ చెప్పాడు. కాదిస్ పానశాలలో ఒక రాత్రి ఆమె ఎంత నైపుణ్యంగా పాడినా వింటున్నవాళ్ళు చలించలేదట. అప్పుడామె ఒక గ్లాసు ఘాటైన సారా తాగి, గొంతు తగలబడుతుంటే, నైపుణ్యమంతా పక్కన పెట్టి పాడిందట. జనం బట్టలు చించుకున్నారట. కథ కొంత కవి కల్పన కావచ్చు. పానశాల మాత్రం పదకొండేళ్ళ కిందట అతను పాట చెడిపోయే చోటని చెప్పిన పానశాలే.

1931లో వెలువడిన లోతు పాట కవితల పుస్తకంలో సిల్వేరియో మీద, హ్వాన్ బ్రేవా మీద, పాటల పానశాల మీద కవితలున్న ఒక భాగం ఉంది. దాని శీర్షికలో ఫ్లమెంకో అన్న మాట తిరిగి వచ్చింది. ఆ భాగం మాన్యువెల్ తోర్రెకు అంకితం. పోటీ నిబంధనల ప్రకారం సిల్వేరియో, బ్రేవా, తోర్రె, పస్తోరా నలుగురూ అనర్హులు.